రేడియో తరంగానికి తలుపు అడ్డం కాదు

చదువు గురించి, క్రమశిక్షణ గురించి ఇలాంటి సంచికల్లో ఎన్నో వ్యాసాలు వస్తుంటాయి. మనలో ఇంజనీరింగ్ చదివినవాళ్లం కొందరం ఈసారి ఒక కొత్త విద్య గురించి రాయాలనుకున్నాం. చేతిలో ఫోను లేకపోయినా, ఒంటిమీద ఏ పరికరమూ లేకపోయినా, గదిలో మనిషి ఎక్కడున్నాడో గోడ అవతలి నుంచి రేడియో తరంగాలతో పసిగట్టే విద్య అది. దీన్ని మన పిల్లలు నేర్చుకోవాలి. అదే సమయంలో, మనల్ని అడగకుండా మన మీద దీన్ని వాడనివ్వకూడదు. ఇదీ మా అభిప్రాయం.

దీని మూలం పాతదే. 1922లో అమెరికా నౌకాదళంలో పనిచేసే టేలర్, యంగ్ అనే ఇద్దరు పొటోమాక్ నదికి ఒక ఒడ్డున ట్రాన్స్‌మిటరు, రెండో ఒడ్డున రిసీవరు పెట్టి పరీక్షిస్తున్నారు. మధ్యలోంచి ఓడ వెళ్లినప్పుడల్లా సిగ్నల్ మారింది. ఓడలో రేడియో ఉందా లేదా అన్నదానితో పనిలేదు. దారికి అడ్డం రావడమే చాలు. రాడార్ పుట్టుకకు దారితీసిన తొలి అడుగుల్లో ఇదొకటి.

మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే. అందువల్ల వైఫై తరంగాలు మనల్ని తాకినప్పుడు కొంత ఇంకిపోతాయి, కొంత చెదిరిపోతాయి. లాంతరు ముందు నిలబడితే గోడమీద నీడ పడినట్టే రెండు వైర్‌లెస్ పరికరాల మధ్య నిలబడితే రేడియో నీడ పడుతుంది. ఒక్క నీడను చూసి మనిషి లాంతరుకు దగ్గరగా ఉన్నాడో దూరంగా ఉన్నాడో చెప్పలేం. నాలుగు వైపులా లాంతర్లు పెడితే నీడల దారులు కలిసే చోట మనిషి ఉన్నట్టు లెక్క.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో జోయి విల్సన్, నీల్ పట్వారీ ఇదే పనిచేసి 2010లో ప్రచురించారు. 21 అడుగుల చదరం చుట్టూ 28 చిన్న వైర్‌లెస్ పరికరాలు నిలబెట్టారు. వంతు వచ్చిన పరికరం పలుకుతుంది, మిగిలిన 27 వింటాయి. ఇంటర్ లెక్కల్లో కాంబినేషన్లు చదివినవారు వేసి చూడండి: 28 పరికరాల మధ్య జతలు 378. అన్ని జతల సిగ్నల్ బలాన్నీ కలిపి కంప్యూటరు లోపల ఉన్న మనిషిని ఒక మసక మచ్చలా బొమ్మ గీసింది. ఆస్పత్రిలో సీటీ స్కాన్ కూడా ఎన్నో కోణాల్లో ఎక్స్‌రేలు పంపి ఇలాంటి లెక్కే చేస్తుంది. ఆ స్కాన్‌కు బాటవేసిన కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్‌లకు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ 28 పరికరాల్లో ఏ ఒక్కటీ గొప్పది కాదు, ఏ ఒక్కటీ తనంతట తాను చూడలేదు. కలిసి పనిచేస్తేనే చూపు వచ్చింది. పూణే జిల్లా ఖోడద్ దగ్గర ప్రొఫెసర్ గోవింద్ స్వరూప్ నాయకత్వంలో కట్టిన రేడియో టెలిస్కోపు కూడా ఇలాంటి సహకారంతోనే ఆకాశాన్ని చూస్తుంది. అక్కడ 45 మీటర్ల వ్యాసం గల 30 డిష్‌లు జతలు జతలుగా పనిచేస్తాయి.

దీనివల్ల మేలు లేదని ఎవరూ అనలేరు. ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలివారు పడిపోతే తెలుసుకోవచ్చు. మంచం చుట్టూ పరికరాలు పెట్టి, ఒంటికి ఏ తీగా తగిలించకుండా, నిద్రలో ఊపిరి వేగాన్ని లెక్కపెట్టవచ్చని పట్వారీ బృందమే చూపించింది. 2015 నేపాల్ భూకంపంలో నాసా తయారుచేసిన ‘ఫైండర్’ శిథిలాల కింద ఉన్న నలుగురి గుండె చప్పుడును పసిగట్టింది, వారిని బతికించుకున్నారు. అది వేరే రకం రాడారు. కానీ మనిషి ఒంట్లోని చిన్న కదలికను తరంగంతో పట్టుకోవడం రెండింటికీ ఒకటే.

ఇక రెండో వైపు. 2018లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు గోడ అవతల మనిషి నిలబడిన, నడిచిన తీరును రేడియో తరంగాలతో గీసి చూపించారు. 100 మందిలో ఆ మనిషి ఎవరో 83 శాతం సార్లు సరిగ్గా చెప్పగలిగారు. ఇలా పరిసరాలను గమనించే పనికి వైఫైలో ఉమ్మడి పద్ధతి ఉండాలని 802.11బీఎఫ్ అనే ప్రమాణం 2025లో వచ్చింది. అంటే ఈ విద్య ప్రయోగశాల దాటి ఇంటి గోడకు తగిలించే పెట్టెలోకి వస్తోంది.

మిత్రులారా, హాస్టల్ పిల్లలకు లెక్కలో ఉండడం కొత్త కాదు. రాత్రి హాజరు ఉంది, వేలిముద్ర హాజరు వచ్చింది. తలకు ఇంత అని మెస్ ఛార్జీలు వచ్చేచోట తలల లెక్క ఉండాల్సిందే, మేము కాదనం. కానీ హాజరులో వార్డెన్ సార్ పేరు పిలుస్తారు, మనం పలుకుతాం. వేలిముద్రలో వేలు మనం పెడతాం. ఈ కొత్త పద్ధతిలో పిలిచేవారు లేరు, పలికేవారు లేరు. లెక్క మాత్రం జరిగిపోతుంది. బాలికల హాస్టల్ పడకగదిలో కెమెరా పెడతామంటే అందరం లేచి అడ్డుకుంటాం. అదే గదిలో వైఫై పెట్టె పెడతామంటే చప్పట్లు కొడతాం. ఆ పెట్టె ఏమేం చేయగలదో తెలిసి చప్పట్లు కొట్టాలి కదా!

ముఖం కనిపించదు కాబట్టి కెమెరా కంటే ఇదే నయమని కొందరంటారు. కొంతవరకు నిజమే. కానీ కెమెరా కంటికి కనబడుతుంది, తలుపు వేస్తే ఆగుతుంది. తరంగం కనబడదు, తలుపుతో ఆగదు. పెట్టినవారి అనుమతి తీసుకుంటే చాలదా అని కూడా అంటారు. సొంత ఇంట్లో పెట్టేవారూ ఉండేవారూ ఒకటే కావచ్చు. హాస్టల్లో పెట్టేవారు వేరు, పడుకునేవారు వేరు. అనుమతి పడుకునేవారిది కావాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆ హక్కు సొంత ఇల్లున్నవారికి మాత్రమే అని అందులో రాయలేదు. 12 మంది పడుకునే గదికీ అది వర్తిస్తుంది.

కనుక ఏ హాస్టల్లోనైనా ఇలాంటిది పెట్టదలిస్తే ముందుగా నోటీసు బోర్డులో తెలుగులో రాయాలి. ఏం లెక్కిస్తారు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు అన్నవి చెప్పాలి. పడకగదులు, స్నానాల గదులు వదిలేయాలి. విద్యార్థుల కమిటీ ఒప్పుకున్నాకే పెట్టాలి.

అడగాలంటే తెలిసి ఉండాలి. తెలియని వస్తువును ప్రశ్నించలేం. అదృష్టవశాత్తు ఇది లక్షలు పోసి నేర్చుకోవాల్సిన విద్య కాదు. కొన్ని వందల రూపాయలకు దొరికే ఈఎస్‌పీ32 బోర్డులు వైఫై సిగ్నల్ దారిలో వచ్చిన మార్పులను అంకెల్లో ఇస్తాయి. నాలుగు బోర్డులుంటే ఆరు జతలవుతాయి, హాలులో ఎవరైనా నడిచారా లేదా తెలుసుకోవడానికి అవి చాలు. ఈ వేసవి సెలవుల్లో ఆ నాలుగు బోర్డులూ మేమే కొనితెచ్చి తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేర్పుతాం. స్టడీ హాల్లో మొదలుపెడదాం. స్విచ్ వేసేముందు ఆ హాల్లో కూర్చునేవారందరినీ అడుగుదాం. ఒక్కరు వద్దన్నా ఆ రోజుకు ఆపుదాం.