గ్యాస్ మాత్రకు 14 రోజుల గడువేదీ?

ప్యాంటాప్రజోల్ వాడితే కిడ్నీలు పోతాయా, పోవా? టీవీల ఆరోగ్య కార్యక్రమాల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఎసిడిటీ మీద నడిచే వాదనంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. ఒక పక్షం ఆ మాత్ర విషమంటుంది, జీలకర్ర నీళ్లు తాగమంటుంది. రెండో పక్షం ఏమీ కాదు, నిశ్చింతగా వేసుకోమంటుంది. రోజూ పరగడుపున ఆ మాత్ర మింగే మనిషికి అసలు జబ్బేమిటో ఎవరైనా పరీక్ష చేసి చూశారా అని మాత్రం ఈ పక్షమూ అడగదు, ఆ పక్షమూ అడగదు. చూడకుండా ఎన్నాళ్లు మింగవచ్చని కూడా అడగరు.

ఎన్నాళ్లన్నదానికి జవాబు 20 ఏళ్ల కిందటే దొరికింది. ఇదే కోవకు చెందిన ఒమిప్రజోల్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్ముకోవచ్చని 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. అనుమతిస్తూనే డబ్బా మీద గడువు రాయించింది: 14 రోజులు. అవి అయ్యాక డాక్టరు చెబితే తప్ప మళ్లీ 4 నెలల దాకా ముట్టుకోకూడదు. ముద్ద దిగడం కష్టంగా ఉన్నా, వాంతిలో రక్తం పడినా, విరేచనం నల్లగా అవుతున్నా అసలు వాడొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లు అని కూడా అదే డబ్బా మీద ఉంటుంది.

మన దగ్గర ప్యాంటాప్రజోల్ షెడ్యూల్ హెచ్ మందు. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. షీటు వెనక సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట ఉంటుంది కూడా. ఏ మెడికల్ షాపుకైనా వెళ్లి ‘గ్యాస్ బిళ్లలు ఒక షీటు’ అని అడిగి చూడండి, చీటీ ఏదని అడిగేవారు ఎంతమందో తెలుస్తుంది. బాహాటంగా అమ్మే దేశంలో 14 రోజుల గడువుంది. అమ్మకూడదని నిబంధన రాసుకున్న మన దేశంలో గడువే లేదు. ఐదు రోజుల యాంటీబయాటిక్‌కు తోడుగా డాక్టరు రాసిచ్చిన మాత్ర, ఆ జ్వరం తగ్గి రెండేళ్లయినా ఇంట్లో సాగుతూనే ఉంటుంది. చీటీ ఫొటో ఫోన్లో ఉంటే చాలు, అదే శాశ్వత అనుమతి పత్రం.

ఆ 14 రోజులూ ఎవరో సరదాకు పెట్టిన అంకె కాదు. జీర్ణాశయం పొర ఆమ్లాన్ని తట్టుకునేలా తయారైంది, అన్నవాహిక పొరకు ఆ కవచం లేదు. రెండింటి మధ్య ఉన్న కండర వలయం వదులైతే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఎప్పుడో పెళ్లి భోజనం తర్వాత ఒకసారి వచ్చే పుల్లటి త్రేన్పుతో ఏ ప్రమాదమూ లేదు. వారానికి రెండు మూడు సార్లు, ఏళ్ల తరబడి వస్తే మాత్రం అన్నవాహిక లోపలి పొర ఒరుసుకుపోతుంది, పుండ్లు పడతాయి. పుండు మాని మచ్చ కట్టి, మళ్లీ పుండు పడి, చివరికి ఆ గొట్టమే ఇరుకవుతుంది. మొదట మాంసం ముక్క అడ్డం పడుతుంది, తర్వాత చపాతీ, ఆ తర్వాత అన్నం ముద్ద. కొందరిలో పుండ్ల నుంచి రక్తం కొద్దికొద్దిగా కారుతూ మనిషి పాలిపోతాడు. రక్తహీనత అని ఐరన్ మాత్రలు ఇస్తారు తప్ప అది ఎక్కడ కారుతోందో వెతకరు. రాత్రిపూట గొంతు దాకా వచ్చే ఆమ్లంతో వదలని దగ్గు, బొంగురు గొంతు, అరిగిపోయే పళ్లు, ముదిరే ఉబ్బసం. వీటికి ఒక్కో డాక్టరు దగ్గర ఒక్కో మందు వాడుతూ మూలాన్ని పట్టుకోని వాళ్లు ఎందరో.

ఇక క్యాన్సర్. 1999లో స్వీడన్ పరిశోధకులు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో అచ్చువేసిన అధ్యయనాన్ని వైద్యులంతా చదివారు, జనానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఛాతీలో మంట తరచూ వచ్చేవారికి అన్నవాహికలో అడినోకార్సినోమా అనే క్యాన్సర్ వచ్చే ముప్పు, అలాంటి మంట లేనివారితో పోలిస్తే 7.7 రెట్లు. తీవ్రమైన మంటతో 20 ఏళ్లకు పైగా నెట్టుకొచ్చినవారిలో అది 43.5 రెట్లు. ఈ అంకె చూపి జనాన్ని బెదరగొట్టడం నా ఉద్దేశం కాదు. ఆ క్యాన్సర్ అరుదైనది. మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ భాగం పొగాకుతో ముడిపడిన వేరే రకం. ఆమ్లం దెబ్బకు అన్నవాహిక పొర రూపు మారిపోయే బారెట్స్ అనే స్థితి ఏర్పడ్డాక కూడా అది క్యాన్సర్‌గా మారే అవకాశం ఏడాదికి 0.12 శాతమేనని 2011లో డెన్మార్క్ లెక్క తేల్చింది. అయినా 7.7కూ 43.5కూ మధ్య ఉన్న తేడా చూడండి. మంట తీవ్రతతో పాటు ఆ తేడాను పెంచింది కాలం. మన షాపుల్లో ఎవరూ లెక్కపెట్టనిది కూడా సరిగ్గా ఆ కాలాన్నే.

మాత్ర వేసుకుంటున్నాం కదా, చికిత్స జరుగుతున్నట్టే కదా అంటారు. సరైన మోతాదులో, భోజనానికి అరగంట ముందు, చెప్పినన్ని వారాలు వాడితే చాలామందిలో పుండ్లు మానతాయి, నిజమే. కానీ మన వాడకం ఆ తీరుగా ఉందా? మండిన రోజు ఒకటి, పెళ్లికి వెళ్లొచ్చాక ఒకటి, అదీ భోజనం ముగిశాక. మంట చల్లారుతుంది, లోపల ఏం జరిగిందో తెలియదు. దొంగను చూసి మొరిగే కుక్క నోరు కట్టేసి హాయిగా నిద్రపోవడం లాంటిదిది. ఈ మందుతో ఉపశమనం కలిగినంత మాత్రాన జీర్ణాశయ క్యాన్సర్ లేదని అనుకోరాదని మందు సమాచార పత్రాలే హెచ్చరిస్తాయి. 14 రోజుల్లో తగ్గకపోతే చూపించుకో అనడంలో ఉన్న ఇంగితం ఇదే.

మరి ఒకసారి మొదలెట్టినవాళ్లు ఎందుకు ఆపలేరు? దీనికీ జవాబుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ ఎసిడిటీ లేని 120 మంది ఆరోగ్యవంతుల్లో కొందరికి 8 వారాలు ఈ తరగతి మాత్ర, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఆపిన తర్వాతి వారాల్లో, నిజమైన మాత్ర తిన్నవారిలో 44 శాతం మందికి కొత్తగా మంట, త్రేన్పులు మొదలయ్యాయి. రెండో గుంపులో అది 15 శాతమే. జబ్బు లేనివాళ్లకే ఆపగానే జబ్బు లక్షణాలు వచ్చాయన్నమాట. అందుకే మనవాళ్లు నాలుగు రోజులు మానేసి, ‘ఇది లేకపోతే నా పని అయిపోయింది’ అని మళ్లీ షాపుకు పరుగెడతారు. వాడకం 14 రోజుల దగ్గర ఆగి ఉంటే ఈ ఊబిలోకి దిగేవారే కాదు.

కిడ్నీల గోల విషయానికొస్తే, 2019లో మన ఔషధ నియంత్రణ యంత్రాంగమే ఈ మందుల సమాచార పత్రంలో కిడ్నీ దెబ్బతినే అవకాశాన్ని చేర్చమంది. కొట్టిపారేయనక్కర్లేదు. అయితే అదే ఏడాది వెలువడిన కంపాస్ పరీక్షలో 17,500 మందికి పైగా గుండె, రక్తనాళాల రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ప్యాంటాప్రజోల్ 40 మిల్లీగ్రాములు, ఇంకో గుంపుకు ఉత్తుత్తి మాత్ర ఇస్తూ దాదాపు మూడేళ్లు గమనించారు. స్పష్టంగా పెరిగినవి పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రమే. విషం అని వీడియోలు తీసేవాళ్లు దీన్ని ఎందుకు చెప్పరు? వాళ్ల మాట నమ్మి, నిజంగా ఏళ్ల తరబడి మాత్ర అవసరమైన బారెట్స్ రోగి దాన్ని మానేస్తే బాధ్యులెవరు?

నిజంగా భయపడాల్సిన చోట మాత్రం అందరూ మౌనం. మన దగ్గర బాగా అమ్ముడయ్యేది ఒట్టి ప్యాంటాప్రజోల్ కాదు, అందులో డోంపెరిడాన్ కలిపిన క్యాప్సూల్. డోంపెరిడాన్ గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉందని 2014లో యూరప్ నియంత్రణ సంస్థ దాని వాడకాన్ని సాధారణంగా ఒక్క వారానికి కుదించింది. ఇక్కడ ఎన్ని వారాలు? పైగా గుండెపోటు నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవాళ్ల కథ తెలియని ఊరు లేదు.

పల్లెల్లో డాక్టరే లేడు, చీటీ కావాలని పట్టుబడితే పేదవాడు ఎక్కడికి పోతాడు అనే వాదన ఒకటుంది. అందులో న్యాయం లేకపోలేదు. కానీ 14 వరకు లెక్కపెట్టడానికి డాక్టరు అక్కర్లేదు. 2022 మేలో చీటీ లేకుండా అమ్మదగిన 16 మందులతో ముసాయిదా తెచ్చినప్పుడు కేంద్రం ఐదు రోజుల పరిమితి పెట్టింది. అంటే గడువు పెట్టాలన్న ఆలోచన ఢిల్లీకి లేక కాదు. జనం నిజంగా చీటీ లేకుండా కొనే ఈ మాత్ర ఊసే ఆ జాబితాలో లేదు. 2023 ఆగస్టు నుంచి 300 ప్రధాన బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే బ్యాచ్ నంబరు వస్తుంది, తయారీ తేదీ వస్తుంది. ఎన్ని రోజులు మింగాలో రాదు. బ్యాచ్ నంబరుతో మంట తగ్గుతుందా?

2011లో ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ బృందం దేశంలోని పలు కేంద్రాల్లో పరిశీలిస్తే 7.6 శాతం మందిలో ఆమ్లం పైకి ఎగదన్నే ఈ జబ్బు కనిపించింది. బీపీ, షుగర్ కోసం ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నారు. గ్యాస్ మాత్ర ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు, ముద్ద సరిగా దిగుతోందా అని ఆ ఫారంలో రెండు ప్రశ్నలు చేర్చడానికి ఏ బడ్జెట్ అడ్డం? రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలు షెడ్యూల్ హెచ్‌ను అమలు చేయాలి. చేతకాదంటే ఆ సంగతి ఒప్పుకుని, షీటు మీద తెలుగులో, కళ్లద్దాలు లేకుండా కనిపించేంత పెద్ద అక్షరాల్లో 14 రోజులు అని రాయించమని కేంద్రాన్ని నిలదీయాలి. రెండూ చేయకుండా కూర్చోవడం నియంత్రణ అనిపించుకోదు, అమ్మకాలకు కాపలా అనిపించుకుంటుంది.

అధికారులు కదిలేదాకా ఆగొద్దు. మీ ఇంట్లో ఏళ్లుగా ఈ మాత్ర మింగుతున్న పెద్దవారుంటే, ముఖ్యంగా 50 దాటి, పొగతాగే అలవాటో, పెద్ద పొట్టో ఉన్నవారైతే, ఎండోస్కోపీ అవసరమా అని డాక్టరును అడగండి. ముద్ద అడ్డం పడుతోందన్నా, బరువు తగ్గుతున్నారన్నా, విరేచనం నల్లగా అవుతోందన్నా ఈ వారంలోనే తీసుకెళ్లండి.