ఎవరి తొడ కండరానిది ఈ లెక్క?

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 800 మీటర్ల ఫైనల్ జరిగింది. జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచింది. పరిగెత్తిన తొమ్మిది మందీ గీత దాటారు. దాటాక కొందరు రొప్పుతూ కూలబడ్డారు. పత్రికలు దాన్ని గోరంతలు కొండంతలు చేశాయి. అంత దూరం ఆడవాళ్ల ఒంటికి పడదని పెద్దలు తేల్చేసి, 1960 రోమ్ దాకా ఆ పోటీ ఎత్తేశారు. మారథాన్ అయితే 1984లో గానీ రాలేదు. పరుగు అయ్యాక కూలబడే మగవాళ్లకేం తక్కువ లేదు; వాళ్ల పోటీల జోలికి ఎవరూ పోలేదు.

కొలవకుండానే తేల్చారన్నమాట. మరి కొలిస్తే? ముందు కొలిచేది దేన్నో చూద్దాం.

వెన్నుపాములో ఒక నరకణం, దాని మాట వినే కండర పోగులు, అంతా కలిపి ఒక మోటార్ యూనిట్. మామూలు నడకకు చిన్న యూనిట్లే సరిపోతాయి, అవి ఓ పట్టాన అలసిపోవు. బరువెత్తినా, పరుగు పెంచినా పెద్దవి వరసగా వచ్చి కలుస్తాయి. ఇటుక అందించడానికి మేస్త్రీని పిలవం కదా, ఒంటిదీ అదే పొదుపు.

రోజూ పరిగెత్తితే పోగుల్లో మైటోకాండ్రియా, చుట్టూ సన్నటి రక్తనాళాలు పెరుగుతాయని కోచ్‌లందరికీ తెలుసు. నరం కూడా మారుతుంది. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరు వారాలు ఓర్పు శిక్షణ చేసినవాళ్ల తొడ కండరాన్ని, వాళ్ల గరిష్ఠ బలంలో 30 శాతం దగ్గర పరీక్షించారు. ఒక్కో యూనిట్‌కు నరం పంపే సంకేతాలు సెకనుకు సుమారు 11 నుంచి 10కి తగ్గాయి. బరువులెత్తినవాళ్లలో అవే పెరిగాయి. రెండూ వ్యాయామాలే, నరం నేర్చుకున్న పాఠాలు మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం.

చక్కటి పరిశోధన. పాల్గొన్నవాళ్లంతా మగవాళ్లే.

ఆడవాళ్లకు ఇదే లెక్క వర్తిస్తుందని అనుకోవడానికి లేదు, మొదలే వేరు గనక. వాళ్ల తొడలో నిదానంగా అలసే పోగుల వాటా సగటున ఎక్కువ. ఎవరి గరిష్ఠ బలంలో వాళ్లు ఒకే శాతం పట్టి ఉంచమంటే, చాలా పరీక్షల్లో ఆడవాళ్లే ఎక్కువసేపు పట్టారు. ఈ మాట అనగానే 'చూశారా, వాళ్లకు ఓపిక దేవుడిచ్చిన వరం' అనే పెద్దమనుషులు తయారవుతారు. అయ్యా, కాలు బిగించి ఎంతసేపు ఉంచారన్నది పరీక్ష. పొద్దంతా నాట్లేసి వచ్చిన మనిషి మళ్లీ పొయ్యి ముందు నిలబడాలని ఆ పరీక్ష చెప్పలేదు.

2014 నుంచి 2020 దాకా క్రీడా, వ్యాయామ శాస్త్ర పత్రికల్లో వచ్చిన ఐదు వేల పైచిలుకు వ్యాసాలను లెక్కగడితే, పాల్గొన్నవారిలో ఆడవాళ్లు 34 శాతం. ఆడవాళ్ల మీదే చేసినవి 6 శాతం. ఎందుకిలా అంటే, నెలసరి హార్మోన్లతో ఫలితాలు చెదిరిపోతాయని తరచూ వినిపించే జవాబు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ నరాల చురుకును మారుస్తాయి, నిజమే. మనం కొలవాలన్నది ఆ నరాల చురుకునే కదా! రాత్రి నిద్ర, పొద్దున కాఫీ అన్నీ రాసుకునే పరిశోధకులకు ఒక తేదీ రాసుకోవడం బరువా?

ఏటా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ కోసం ఎందరో అమ్మాయిలు సిద్ధమవుతారు. నేను చూసిన శిక్షణ పట్టికల్లో కిలోమీటర్లకు, గుండె వేగానికి గడులున్నాయి, నెలసరికి లేదు. కోచ్‌లు ముందు ఆ గడి పెట్టాలి. రెండు మూడు సీజన్లు ఓపిగ్గా నింపితే, ల్యాబుల వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకోవడానికి అదే పనికొస్తుంది.