తరం చూడకుండా మెమరీ కొంటే డబ్బు దండుగ

పల్లెల్లో కంప్యూటర్ల వాడకం పెరిగింది. పాఠశాలల్లో, జిరాక్సు దుకాణాల్లో, చదువుకునే పిల్లలున్న ఇళ్ళల్లో పాత యంత్రాలే ఎక్కువ. అవి నెమ్మదిస్తే ‘ర్యామ్ పెంచండి’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. సలహా మంచిదే. కాని ఏ ర్యామ్ అన్నది చెప్పేవారు తక్కువ. పట్నం నుంచి కొని తెచ్చిన ముక్క గాడిలో దిగకపోతే బస్సు చార్జీతో సహా దండుగే.

ర్యామ్‌లో తరాలున్నాయి. డి.డి.ఆర్. 3 ప్రమాణాన్ని 2007లో, డి.డి.ఆర్. 4ను 2012లో, డి.డి.ఆర్. 5ను 2020లో జెడెక్ అనే ప్రమాణాల సంస్థ వెలువరించింది. ఒక తరం ముక్క మరో తరం గాడిలో పనిచేయదు. డెస్క్‌టాప్ రకంలో మూడో తరానికి 240 పిన్నులు, నాలుగు, ఐదు తరాలకు 288 పిన్నులు ఉంటాయి. పిన్నుల లెక్క ఒకటే కదా అని నాలుగు, ఐదు ఒకటేనని భ్రమపడరాదు. మూడో తరం 1.5 వోల్టులతో, నాలుగోది 1.2తో, ఐదోది 1.1తో నడుస్తాయి. పిన్నుల అమరిక కూడా వేరు.

పొరపాటు జరగకూడదనే ముక్క అడుగు అంచున గాటును ఒక్కో తరానికి ఒక్కోచోట పెట్టారు. గాటు కలవకపోవడం తయారీ లోపం కాదు, హెచ్చరిక. బలవంతంగా నొక్కినా, ఆకురాయితో అరగదీసినా ముక్కతోపాటు మదర్‌బోర్డు కూడా పాడయ్యే ప్రమాదముంది.

తరం ఒకటే అయి వేగం వేరైతే అంత బెంగ అక్కరలేదు. 2400, 3200 వేగాల ముక్కలను కలిపితే సాధారణంగా తక్కువ వేగంతో రెండూ నడుస్తాయి. ల్యాప్‌టాప్ ముక్క మాత్రం పొట్టిది, డెస్క్‌టాప్‌లో దిగదు. చవకగా దొరికే సర్వర్ల ‘రిజిస్టర్డ్’ రకం నాలుగో తరంలో గాడిలో దిగుతుంది గాని, మామూలు కంప్యూటరు దానితో లేవదు.

తరాలు మార్చడం కంపెనీల ఎత్తుగడ అని కొందరి ఆరోపణ. కొత్త సరుకు అమ్ముకునే ఆశ వ్యాపారంలో ఉండేదే. అయినా వేగం పెంచి కరెంటు తగ్గించాలంటే అమరిక మార్చక తప్పదు. సరిదిద్దగలిగిన తప్పు దుకాణం బల్ల దగ్గరే ఉంది. బిల్లుపై ‘ర్యామ్ 8 జి.బి.’ అని మాత్రమే రాసి, దిగకపోతే మాకు సంబంధం లేదనడం న్యాయం కాదు. తరం, రకం, వేగం బిల్లుపై రాయాలి. వాడని ముక్కను మార్చి ఇవ్వాలి.

కొనేవారు కూడా పాత ముక్కను వెంట తీసుకువెళ్ళడం మంచిది. దాని చీటీపై ‘పిసి3’ అని ఉంటే మూడో తరం, ‘పిసి4’ అని ఉంటే నాలుగోది, ‘పిసి5’ అని ఉంటే ఐదోది. బిల్లు తప్పక అడిగి తీసుకోవాలి. వివాదం వస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది.

పాఠశాలల్లో ప్రతి కంప్యూటరు పెట్టెపై దాని మెమరీ తరం రాసిన చీటీ అంటించేలా ప్రధానోపాధ్యాయులు శ్రద్ధ వహించాలి. ఇందుకు నిధులు అక్కరలేదు. ముక్క కలవక యంత్రం మూలపడితే నష్టపోయేది పిల్లల చదువే.