పథ్యం పేరిట పస్తులా?

క్యాన్సర్ చికిత్స ముగిసి ఇల్లు చేరిన రోగికి ఇరుగుపొరుగు చెప్పే పథ్యాలకు అంతు లేదు. పప్పు వాతమంటారు, వంకాయ దురదంటారు. బలానికి మాంసం తప్పదని అప్పు చేసయినా తెప్పిస్తారు. కందిపప్పు, పెసలు, వేరుశనగ, రాగిసంకటి అనంతపురం ఇళ్లకు కొత్తవా? నిల్వచేసిన మాంసం క్యాన్సర్ కారకమని, ఎర్రమాంసమూ బహుశా అంతేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2015లోనే తేల్చింది. అలాగని ఆకుకూర మందుకు బదులు కాదు. ఆ మాట నమ్మి ఆసుపత్రి మానినవారు ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. నోరు పూసి మింగలేనివారికి గుడ్డు, మజ్జిగ వద్దనడమూ తగదు.

కందివేరు గాలిలోని నత్రజనిని నేలకు పడుతుంది. కొర్రకు వరికి కావలసినంత నీరక్కరలేదు. బోర్లు ఎండే సీమకు ఇది చిన్న లాభమా? డాక్టర్లు చీటీలో ఓట్సుకు బదులు కొర్రలు రాయాలి. చౌకదుకాణంలో వాటిని, కందిపప్పును నెలనెలా అందించడం అధికారుల పని.