హీరో తప్పు చేస్తే పుస్తకం దాచేయాలా?

ఇంటర్ చదివే పిల్లలు ‘పోల్డార్క్’ నవలలు అడిగితే వెంటనే వద్దనకండి. విన్‌స్టన్ గ్రాహం 1945 నుంచి 2002 దాకా రాసిన ఈ 12 నవలల కథ 1783లో, ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో మొదలవుతుంది. హీరో రాస్ గని కార్మికుల పక్షాన నిలుస్తాడు, తన వంటింట్లో పనిచేసే డెమెల్జాను పెళ్లాడతాడు. అలాంటివాడే నాలుగో నవలలో పాత ప్రేమ తలకెక్కి ఒక రాత్రి ఎలిజబెత్ ఇంట్లోకి జొరబడతాడు, ఆమె వద్దంటున్నా వినడు. దాన్నీ ప్రేమేనని సర్దిచెప్పే పాఠకులున్నారు. నేనొప్పుకోను. ఊళ్లో మంచివాడని పేరుంటే ఇది చెల్లిపోతుందా? డెమెల్జా మాత్రం సర్దిచెప్పుకోదు, ఇల్లు విడిచి వెళ్లడానికి పెట్టె సర్దుతుంది. (చిన్న తరగతుల వాళ్లకు ఈ నాలుగోది ఇప్పుడే వద్దు.) ముందు మీరు చదవండి. తర్వాత ఆ అధ్యాయం గురించి మాట్లాడండి, ముఖ్యంగా అబ్బాయిలతో.