పాత కంప్యూటరూ, మా అమ్మాయి ఆటా

మా ఇంట్లో గేమ్ అనే మాట తిట్టు కింద లెక్క. మా పెద్దోడు ఇంటర్ చదివే రోజుల్లో ఫోన్‌లో తుపాకుల ఆట పట్టుకుని తిండి మానేసిన సంగతి నేనింకా మరిచిపోలేదు. అందుకే దసరా సెలవుల్లో తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వచ్చి "అమ్మా, మన పాత కంప్యూటర్ల పైగేమ్ వేసుకుంట" అన్నప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట "వద్దు". రెండో మాట కూడా అదే.

"ఆడేది కాదమ్మా, ఆట తయారు చేసేది" అంది.

ఆ రెండింటికీ తేడా నా బుర్రకెక్కడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల తర్వాత నాకో అభిప్రాయం ఏర్పడింది. చాలా ఇళ్లలో నాలాంటి తల్లులే గుమ్మంలో నిలబడి వద్దంటారు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. పిల్లలు ఇలాంటిదేదైనా ఇంటి కంప్యూటర్‌లో బిగించుకుంటామంటే బిగించుకోనివ్వాలి. షాపుకు మోసుకెళ్లి చేయించి ఇవ్వకూడదు. అన్న సెలవులకు వచ్చి చేస్తాడులే అని ఆపకూడదు.

బిగించుకోవడం అని ఎందుకన్నానో చెప్తాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, ఇన్‌స్టాల్‌కు మంచి మాట ఏదుందా అని వెతికాను. స్థాపించడం, ప్రతిష్ఠించడం తగిలాయి. అవి సంఘాలకు, విగ్రహాలకు సరిపోతాయి. మా పుట్టిల్లు సిరిసిల్ల. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటాం. కొత్త సాంచ వస్తే "సాంచ బిగిస్తున్నరు" అంటారు. తెచ్చి పెట్టగానే అది నడవదు. నేల చదునుగా ఉందా చూడాలి, మోటరు, బెల్టు చూడాలి, భీము ఎక్కించాలి, పోగులన్నీ అతకాలి. జానెడు గుడ్డ నేసి చూసి, మళ్లీ ఎక్కడో ఒకచోట బిగించాలి. మా బాపు ఈ పనిలో తలమునకలుగా ఉన్నప్పుడు పానాలు అందించింది నేనే. మా అమ్మాయి కంప్యూటర్ ముందు చేసిన పని అచ్చం అలాగే కనిపించింది.

పైథాన్ అనేది కంప్యూటర్‌కు పని చెప్పే భాష. గీడో వాన్ రోసమ్ అనే డచ్ ఆయన 1991లో బయటపెట్టాడు. ఆ భాషలో ఆటలు రాయడానికి పీట్ షిన్నర్స్ అనే ఆయన 2000లో మొదలుపెట్టిన లైబ్రరీ పైగేమ్. లైబ్రరీ అంటే నేను పుస్తకాలనుకున్నాను. కాదట. ముందే దంచి పెట్టుకున్న కారం, నూరి పెట్టుకున్న అల్లంవెల్లుల్లి లాంటిదట. తెర మీద బొమ్మ గీయడం, దాన్ని జరపడం, చప్పుడు చేయించడం, ఆడేవాళ్లు ఏ మీట నొక్కారో కనిపెట్టడం, ఇవన్నీ ఎవరో ఓపికగా రాసి పెట్టారు. మనం వండుకోవడమే. దానికీ కింద ఎస్‌డీఎల్ అని ఇంకొకటి ఉంది. అది శామ్ లాంటింగా అనే ఆయన 1998లో మొదలుపెట్టింది. ఇదంతా ఉచితం. పైసా అడగరు. తెల్లారి లేస్తే ఫీజుల మెసేజీలు చూసే నాకు నమ్మకం కలగక, ఏదో మోసం ఉంటుందని ఒక పూటంతా అనుమానపడ్డాను.

ఇక కంప్యూటర్ సంగతి. 2014లో మా ఆయన దుబాయ్ నుంచి పంపిన డబ్బులతో జగిత్యాలలో కొన్నాం. పెద్దోడి చదువు కోసమని కొన్నాం. కూతురు కోసమని అప్పుడు ఎవరమూ అనుకోలేదు, నేను కూడా. వాడు లాప్‌టాప్ పట్టుకుని నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీ హాస్టల్‌కు వెళ్లాక దాని మీద పాత చీర ముక్క కప్పి, ఆ పైన మా అత్తమ్మ మందుల డబ్బా పెట్టాం. దాంట్లో ఉన్నది విండోస్ 7.

మొదటి రోజే దెబ్బ తగిలింది. కొత్త పైథాన్ తెచ్చి నొక్కితే, ఈ విండోస్ మీద నేను ఎక్కను పొమ్మంది. నేను చేసిన పని, ఆటోలో డబ్బాను వేసుకుని కోరుట్లలోనే ఒక రిపేరు షాపుకు వెళ్లడం. అక్కడి అబ్బాయి మా వైపు చూడకుండానే "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఎక్కిస్త, ఐదువందలు" అన్నాడు. సరేనని కూర్చోబోతుంటే అమ్మాయి అడిగింది, "అన్నా, లోపలున్న ఫొటోలు?"

"మొత్తం పోతయి చెల్లె. కావాలంటే ముందే చెప్పాలె."

నేను లేచి నిలబడ్డాను. ఆ డబ్బాలో మా అమ్మ ఫొటోలున్నాయి. సిరిసిల్ల ఇంటి అరుగు మీద కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతున్న ఫొటోలు. పెద్దోడు ఎప్పుడో ఫోన్‌లో తీసి అందులో ఎక్కించాడు. ఆ ఫోన్ ఇప్పుడు లేదు. అమ్మా లేదు. పెళ్లిళ్లలో పట్టుచీర కట్టుకుని బిగుసుకుని నిలబడ్డ ఫొటోలు చాలా ఉన్నాయి గానీ, పని చేస్తూ ఉన్న అమ్మ మాకు ఆ డబ్బాలోనే ఉంది. అమ్మాయి ఆ ఒక్క మాట అడగకపోతే, ఐదువందలు ఇచ్చి మరీ చెరిపించుకుని వచ్చేదాన్ని.

అదే ఆటోలో తిరిగొచ్చాం. ఆ సాయంత్రమంతా పెన్‌డ్రైవ్‌లోకి ఫొటోలు ఎక్కించడమే నా పని. కంప్యూటర్ గురించి ఏమీ తెలియకపోయినా ఈ పని మాత్రం తల్లులకు వస్తుంది. వంటింట్లో ఏది ఏ డబ్బాలో ఉందో గుర్తుపెట్టుకునేది మనమే కదా. ఏం బిగించే ముందైనా ఇది మొదట చేయండి.

మర్నాడు అమ్మాయి ఇంకోసారి ఆ పెట్టెలో వచ్చిన ఇంగ్లీషు ముక్కలు నిదానంగా చదివింది. కంప్యూటర్ దాచుకోకుండా చెప్పింది, విండోస్ 8.1 కానీ ఆపైది కానీ కావాలని. ముందు రోజు ఎర్ర గుర్తు చూసి భయపడి మేమే చదవలేదు. వెతికితే తేలిందేమంటే, పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు. 3.8 నడుస్తుంది. ఆ పాత 3.8 ఇంకా వాళ్ల సైటులో పెట్టే ఉంచారు. కొత్త కంప్యూటరూ అక్కర్లేదు, ఫార్మాటూ అక్కర్లేదు. పాత సాంచకు పాత పళ్లచక్రం వెతికి తెచ్చుకున్నట్టు!

దాన్ని బిగించేటప్పుడు అడుగున చిన్న గడి ఒకటుంటుంది, పైథాన్‌ను పాత్‌కు కలపాలా అని. దాంట్లో టిక్కు మనమే పెట్టాలి. మేం పెట్టలేదు. దాంతో ఏం టైప్ చేసినా అలాంటిదేదీ నాకు తెలియదు అనేది. కొత్తగా కిరాయికి వచ్చినవాళ్ల ఇంటి నంబరు పోస్టుమ్యాన్‌కు చెప్పనట్టన్నమాట. మనిషి ఇంట్లోనే ఉంటాడు, ఉత్తరం మాత్రం అందదు. తీసేసి మళ్లీ వేశాం. ఆ తర్వాత పిప్ అనే దాంతో ఒక్క వరుస టైప్ చేస్తే నా ఫోన్ హాట్‌స్పాట్ మీద పైగేమ్ దిగింది. మా ఇద్దరికీ ఇంత నవ్వొచ్చింది, ఇంతేనా అని.

అంతే కాదు. మా అమ్మాయి తన మొదటి ప్రోగ్రామ్ రాసి, ఫైలుకు పైగేమ్ అనే పేరే పెట్టింది. నడిపితే ఏవేవో తప్పులు. రెండు గంటలు తలబాదుకుంది. తర్వాత తెలిసింది, పైగేమ్‌ను పిలవగానే పైథాన్ ముందు పక్కనే ఉన్న ఫైళ్లలో వెతుకుతుందట. ఇంట్లోనే ఆ పేరు గలవాడు కనిపిస్తే బయటికి పోదు. ఇది నాకు వెంటనే అర్థమైంది. మా పెద్దోడినీ మా ఆడపడుచు కొడుకునీ ఇద్దరినీ చిన్నూ అనే పిలుస్తాం. పండక్కి అందరూ కలిస్తే ఎవరిని పిలిచినా వంటింటికి దగ్గరగా ఉన్నవాడే ఉరికొస్తాడు. ఫైలు పేరు మార్చింది, పలికింది.

నాలుగో రోజు కిటికీ తెరుచుకుంది. నల్లటి తెర. రెండు క్షణాలు కాగానే బిగుసుకుపోయి, స్పందించడం లేదు అని పైన వచ్చింది. ఆడేవాళ్లు మీటలు నొక్కుతున్నారా, మూసెయ్యమంటున్నారా అని ఆట ఎప్పటికప్పుడు అడిగి తెలుసుకుంటూ ఉండాలట. అడగకపోతే విండోస్ దాన్ని చచ్చిందనుకుంటుంది. మా అత్తమ్మ పిలిచినప్పుడు వెంటనే "ఆఁ అత్తమ్మా" అనకపోతే ఏమవుతుందో నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు.

ఈ నాలుగు రోజుల్లో ఆమె ఆట రాసిందేమీ లేదు, బిగించుకోవడమే సరిపోయింది. అయినా ఇదే అసలు చదువని నేనంటున్నాను. ఎందుకంటే నాలుగుసార్లూ జవాబు ఎక్కడో పుస్తకం వెనకాల లేదు. తప్పు వచ్చినప్పుడు ఏడవకుండా, అది ఏం చెప్తోందో చదివి, ఒక్కటి మార్చి చూడటం, అది కాకపోతే ఇంకొకటి మార్చడం. మన పిల్లలకు ట్యూషన్‌లో తప్పంటే మార్కులు పోవడం. ఇక్కడ తప్పంటే తర్వాత ఎక్కడ చూడాలో చెప్పే మాట. షాపులో ఐదువందలకు అన్నీ బిగించి ఇచ్చి ఉంటే, మళ్లీ ఆగినప్పుడు మళ్లీ ఆటో ఎక్కేవాళ్లం.

మా ఆయనకు మాత్రం మింగుడు పడలేదు. అక్కడ మనకన్నా గంటన్నర వెనక. డ్యూటీ దిగి వీడియో కాల్ చేస్తే వెనకాల తెర మీద రంగులు కనిపించాయి. "ఆటలకేనా నేనిక్కడ ఎండల మాడేది? గా డబ్బ ఇంక అమ్మలేదా?" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టను. పదమూడేళ్లుగా ఒక్క బతుకమ్మకూ ఇంట్లో లేని మనిషి. వచ్చే ఏడాది అమ్మాయికి పదో తరగతి, అదీ నిజమే. అందుకే బడి ఉన్న రోజుల్లో గంట, ఆదివారం మూడు గంటలు అని పెట్టాం. అయితే ఒక మాట నేనూ అడిగాను. "పెద్దోడు ఇదే చేస్తే మనం ఏమనేటోళ్లం? మావోడు ఇంటర్‌కు ముందే ప్రోగ్రాములు రాస్తున్నడని ఊరంత చెప్పుకునేటోళ్లం గాదా?" ఆయన ఏమీ అనలేదు. నెట్ పోయిందో, నిజంగానే ఏమీ అనలేదో.

వాడు కూడా హాస్టల్ నుంచి "ఆగు చెల్లె, నేనొచ్చి చేస్త" అనే అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ ఇంట్లో ఆడపిల్ల చేతికి కంప్యూటర్ ఇలాగే అందకుండా పోతుంది. ఎవరూ కాదనరు, ఎవరో వచ్చి చేసిపెడతారు.

భయపడాల్సినవి ఉన్నాయి, దాచను. విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. అంటే తలుపు ఉంది, గొళ్లెం వదులైంది. అందుకే ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు, పాస్‌వర్డులు ఏవీ చేయొద్దని గట్టిగా చెప్పాను. పైథాన్‌ను దాని సొంత సైటు నుంచే తెచ్చుకోవాలి. పిప్‌తో తెచ్చేటప్పుడు స్పెల్లింగ్ రెండుసార్లు చూసుకోవాలి. ఆ కొట్టులో సరుకు ఎవరైనా పెట్టవచ్చు, ఒక అక్షరం తేడాతో దొంగ సరుకు పెట్టినవాళ్లూ ఉన్నారు. కంప్యూటర్ హాల్లోనే ఉంటుంది. అదే ఫోన్ అయితే దుప్పటి కింద ఏం జరుగుతుందో దేవుడికే తెలియాలి.

ఇంతకీ ఆమె చేస్తున్న ఆట ఏమిటంటే, తెర మీద నాలుగు సాంచాలు. ఏదో ఒకదానికి దారం తెగుతుంది. బొమ్మ ఉరికి వెళ్లి అతకాలి. ఆలస్యమైతే గుడ్డ ఖరాబై కూలీ తగ్గుతుంది. అమ్మమ్మ ఫొటోలు ఎక్కిస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూసింది, అక్కడి నుంచి పుట్టింది. బతుకమ్మ చీరల ఆర్డర్లు 2017లో మొదలయ్యాక అంచుల డిజైన్ కోసం బిగించిన డాబీల గురించి కూడా నన్ను అడిగి తెలుసుకుంది. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన మగ్గానికి చిల్లుల అట్టలు పెట్టి, ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో వాటితో చెప్పించాడట. తర్వాత బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టలనే వాడదామనుకున్నాడట. సిరిసిల్లలో పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి నా కూతురు చెప్పింది!

దీపావళికి సిరిసిల్ల వెళ్లినప్పుడు ఆటను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, మా తమ్ముడి లాప్‌టాప్‌లో మళ్లీ పైథాన్, పైగేమ్ బిగించింది. ఈసారి పావుగంట పట్టింది. మా బాపు కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. నొక్కమంటే నొక్కలేదు.

"ఏ దారం తెగింది బిడ్డా ఇది? పడుగా, పేకా?" అన్నాడు.

అమ్మాయి నా మొహం చూసింది.

"పేక తెగితె సాంచ దానంతటదే ఆగుతది. పడుగు పోగు తెగితె ఆగది, మనమే చూసి ఆపాలె. నీ ఆటల అన్నీ ఒక్కతీరుగనే నడుస్తున్నయి. తప్పు."

వెంటనే ఆట మూసి ఫైలు తెరిచింది. రాత్రి పది దాటినా తాత పక్కన కూర్చుని అడుగుతూనే ఉంది, పేక తెగితే చప్పుడెట్లా మారుతుంది, కండె అయిపోయేముందు తెలుస్తుందా అని. బాపు నోటితో ఆ చప్పుడు చేసి వినిపిస్తుంటే ఫోన్‌లో రికార్డు చేసుకుంది. ఇప్పుడు ఆ చప్పుడును పైగేమ్‌లోకి ఎక్కించడం కుదరడం లేదు, ఫైలు రకం ఏదో వేరుగా ఉందట. హాల్లో కూర్చుని ఆ ఎర్ర అక్షరాలే చదువుతోంది.