అపవాదు వేసేవాడే అపవాది

పాతికేళ్ల కిందటి మాట. సెమినరీ చదువు ముగించుకుని నిజాంసాగర్ కాలువ కింద పల్లెల్లో పరిచర్య మొదలుపెట్టిన రోజులవి. అప్పట్లో అది నిజామాబాద్ జిల్లా. 2016 నుంచి కామారెడ్డి జిల్లా. ఒక విశ్వాసుల ఇంట్లో ఏడేళ్ల పాప ఉండేది. ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ, నోట నురగలు కక్కుతూ పడిపోయేది. కబురు రాగానే వెళ్లాను. పాప తలపై చెయ్యి ఉంచి ప్రార్థన చేశాను. ప్రార్థన ముగిశాక తండ్రి నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు. ‘ఇది వెనక గల్లీ ముసలామె పనే గదా అయ్యగారూ? మొన్న పాపకు బెల్లం ముక్క ఇచ్చింది. ఆ రాత్రి నుంచే ఇట్ల అయితుంది’ అన్నాడు.

అవునని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. ‘దేవుడు చూసుకుంటాడు’ అని చెప్పి సైకిలెక్కాను. ఆ కుటుంబాన్ని నొప్పించడం ఇష్టం లేదు. ఊళ్లో సంఘం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. పైగా, దయ్యాలను వెళ్లగొట్టే పాస్టరని నలుగురూ అనుకుంటే నష్టమేమిటన్న ఆశ కూడా లోపల ఎక్కడో ఉన్నదేమో.

నెల తిరిగేలోగా ఆ ముసలమ్మను బోరింగు దగ్గరికి రానివ్వడం మానేశారు. నాట్లకు పిలవలేదు. రాత్రిళ్లు ఆమె గుడిసె మీద రాళ్లు పడ్డాయి. ఆమె మూట సర్దుకుని కూతురి ఊరికి వెళ్లిపోయింది. ఇదేమిటని నేను గద్దించబోతే పాప తండ్రి అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ‘మీరైనా కాదనలేదు గదా అయ్యగారూ!’

పాత గాయాన్ని ఇప్పుడు కెలుక్కోవడానికి కారణముంది. 2024 ఆగస్టులో, మాకు పొరుగునే ఉన్న మెదక్ జిల్లా రామాయంపేట మండలంలోని ఒక పల్లెలో, చేతబడి చేస్తోందన్న అనుమానంతో ఒక మహిళను కొట్టి నిప్పంటించారు. ఆమె బతకలేదు. 2022 జనవరిలో జగిత్యాలలో కులసంఘం సమావేశం జరుగుతుండగా, మంత్రాలు చేస్తున్నారన్న నెపంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ అందరూ చూస్తుండగానే చంపేశారు. ఇదంతా చదువులేని పల్లెల గొడవ అనుకుందామా? 2021 జనవరిలో మదనపల్లెలో ఎదిగిన ఇద్దరు కూతుళ్లను మూఢనమ్మకంతో కన్న తల్లిదండ్రులే చంపుకున్నారు. వాళ్లు పిల్లలకు చదువు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లు. డిగ్రీలు భయాన్ని పోగొట్టలేవని ఆ ఇల్లు చెప్పింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా విశ్వాసుల్లో ఒక ప్రశ్న లేస్తుంది. ‘బైబిలు దయ్యాలున్నాయని చెబుతోంది కదా, సాతానుపై అధికారం మనకిచ్చానని ప్రభువు అన్నాడు కదా, మరి ఇలాంటివారి విషయంలో ఆ అధికారం వాడకూడదా?’ అని అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. జవాబు మాత్రం తిన్నగా చెప్పాలి.

దుష్టత్వం ఉంది. దాన్ని కాదనే వేదాంతం నాకు తెలియదు. అయితే ఆ దుష్టుడు ఎక్కడ పని చేస్తాడో కూడా బైబిలే చెబుతోంది. మన తెలుగు బైబిల్లో అతని పేరు అపవాది. అపవాదు వేసేవాడని అర్థం. గ్రీకు మూలంలో ఉన్న ‘డయబొలోస్’ అనే మాట భావం కూడా అదే. ప్రకటన గ్రంథం అతణ్ని రాత్రింబగళ్లు విశ్వాసులపై నేరం మోపేవాడని వర్ణిస్తుంది (ప్రకటన 12:10). ఆది నుంచీ అతడు నరహంతకుడనీ, అబద్ధానికి తండ్రి అనీ యేసుప్రభువే చెప్పాడు (యోహాను 8:44). ఈ మూడు గుర్తులనూ పట్టుకుని మన ఊరి సంగతి చూడండి. దిక్కులేని ముసలమ్మపై నింద వేయడం, దానికి ఒక అబద్ధం అల్లడం, చివరికి ప్రాణం తీయడం. అపవాది ఆమె గుడిసెలో ఉన్నాడా, లేక గుడిసె బయట రాళ్లు పట్టుకున్న గుంపులో ఉన్నాడా?

మన పోరాటం రక్తమాంసాలు గలవారితో కాదని పౌలు ఎఫెసీయులకు రాశాడు (ఎఫెసీ 6:12). ఆత్మీయ యుద్ధం గురించి ప్రసంగించే ప్రతివారూ ఈ వచనంతోనే మొదలుపెడతారు, కానీ మధ్యలోనే మరచిపోతారు. ప్రత్యర్థికి ఒక ఇంటి నంబరు, ఒక పేరు, ఒక ముడతలు పడిన ముఖం దొరికిన క్షణాన అది ఆత్మీయ యుద్ధం కాకుండా పోతుంది. ఊరి తగాదా అవుతుంది.

ప్రభువిచ్చిన అధికారం ఎలాంటిది? డెబ్బదిమంది శిష్యులు తిరిగొచ్చి, దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయని ఉప్పొంగిపోయారు. అందుకు కాదు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండని ఆయన వాళ్లను సరిదిద్దాడు (లూకా 10:17-20). దానికి కాస్త ముందే మరో సంఘటన ఉంది. తమను చేర్చుకోని సమరయ గ్రామంపై ఆకాశం నుంచి అగ్ని కురిపించమంటావా అని యాకోబు, యోహాను అడిగితే ప్రభువు వాళ్లనే గద్దించాడు (లూకా 9:54-55). దయ్యాలను గద్దించిన నోరే మనుషుల్ని కాల్చాలనుకున్న శిష్యులనూ గద్దించింది. దయ్యాలను వెళ్లగొట్టే అధికారం ఇచ్చినవాడు ఊరిని కాల్చే అధికారం ఇవ్వలేదు.

గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరిగేవాడి కథ అందరికీ తెలిసిందే (మార్కు 5). ఊరివాళ్లు అతణ్ని సంకెళ్లతో కట్టి చూశారు, ఫలించలేదు. యేసు అతణ్ని బాగుచేసి, బట్టలు తొడుక్కుని స్వస్థబుద్ధితో కూర్చునేలా చేశాడు. నీ వెంట వస్తానని అతడు బతిమాలితే ఒప్పుకోకుండా, నీ ఇంటికి, నీవాళ్ల దగ్గరికి వెళ్లు అన్నాడు. నేను ఎన్నోసార్లు ప్రసంగించినా చాలాకాలం గమనించని సంగతి ఇది. క్రీస్తు అధికారం ఊరు వెలివేసిన మనిషిని తిరిగి ఊరికి అప్పగించింది. నా మౌనం మాత్రం ఊళ్లో ఉన్న మనిషిని ఊరికి దూరం చేసింది. అది క్రీస్తు అధికారం ఎలా అవుతుంది?

ఫిలిప్పీలో సోదె చెప్పే దాసీపిల్ల విషయంలోనూ అంతే. పౌలు ఆమెలోని దురాత్మను వెళ్లగొట్టాడే తప్ప ఆమెపై చెయ్యి చేసుకోలేదు. ఆమెను అడ్డం పెట్టుకుని సంపాదిస్తున్న యజమానులకు కోపం వచ్చి, పౌలును, సీలను చెరసాలకు పంపారు (అపొ.కా. 16). విడుదల పొందింది ఆ పిల్ల, దెబ్బలు తిన్నది పరిచారకులు. ఈ రోజుల్లో కొన్నిచోట్ల ఇది తలకిందులైంది. దయ్యం వదిలించే పేరుతో జబ్బు మనిషిని జుట్టు పట్టుకుని కొడుతున్నారు. దెబ్బలు తినేది ఆ పిల్ల, దండలు వేయించుకునేది పరిచారకులు.

‘మంత్రగత్తెలను బతకనివ్వొద్దని పాత నిబంధనలో ఉంది కదా’ అని కొందరు నిర్గమకాండం చూపిస్తారు. అదే ధర్మశాస్త్రం ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే ఏ నేరమూ నిలవదనీ, అబద్ధ సాక్షికి అదే శిక్ష పడాలనీ చెప్పింది (ద్వితీ 19:15-19). క్రీస్తు వచ్చాక ఎఫెసులో ఏం జరిగింది? మంత్రవిద్య చేసినవాళ్లే విశ్వాసులై, యాభై వేల వెండి నాణేల ఖరీదు చేసే తమ పుస్తకాలను తామే తెచ్చి కాల్చుకున్నారు (అపొ.కా. 19:19). కాలింది పుస్తకాలు, మనుషులు కారు.

ఈ తప్పు మన ఊళ్లకే పరిమితం కాదు, సంఘ చరిత్రలోనూ ఉంది. 1692లో అమెరికాలోని సేలం గ్రామంలో ఒక పాస్టరు ఇంట్లోనే ఇద్దరు చిన్నపిల్లలకు అంతుపట్టని వణుకులు, అరుపులు మొదలయ్యాయి. ఎవరు చేశారో చెప్పమని పిల్లలను గుచ్చిగుచ్చి అడిగారు. ఫలానావారి రూపం కనబడి బాధిస్తోందని పిల్లలు చెబితే దాన్నే సాక్ష్యంగా తీసుకున్నారు. 19 మందిని ఉరితీశారు, ఒక వృద్ధుణ్ని బండరాళ్లు పేర్చి చంపారు. బైబిలు చేతబట్టుకునే ఇదంతా చేశారు. ఐదేళ్ల తరువాత, 1697లో, తీర్పరుల్లో ఒకడైన శామ్యూల్ సూయల్ సంఘం మధ్య లేచి నిలబడగా, అతని పశ్చాత్తాప పత్రాన్ని పాస్టరు చదివి వినిపించాడు. పోయిన ప్రాణాలు రాలేదు. కానీ తప్పు తప్పేనని ఒక్కడైనా సంఘం ముందు ఒప్పుకున్నాడు.

సేలంలో రూపాలు కనబడ్డాయని నమ్మితే మన దగ్గర ‘దర్శనాలు’ నమ్ముతున్నారు. కూడిక మధ్యలో ‘నీకు దగ్గరివాళ్లే నీ మీద చేయించారు, నీ గడప కింద ఏదో పాతిపెట్టారు’ అని ప్రవచనం చెప్పేవారిని నేను చూశాను. ఆ మాట విన్న ఇల్లాలు ఇంటికి వెళ్లే దారిలోనే తోడికోడలినో, పక్కింటామెనో అనుమానించడం మొదలుపెడుతుంది. దర్శనం చెప్పినవారు కానుక తీసుకుని మరో ఊరికి వెళతారు. పగ మాత్రం ఆ ఊళ్లోనే ఉండిపోతుంది. ఉచితంగా పొందారు కనుక ఉచితంగా ఇవ్వండని ప్రభువు చెప్పింది సరిగ్గా దయ్యాలను వెళ్లగొట్టే అధికారం ఇచ్చినప్పుడే (మత్తయి 10:8). ఈ అధికారాన్ని డబ్బిచ్చి కొనాలనుకున్న సీమోనును పేతురు కఠినంగా గద్దించాడు (అపొ.కా. 8). కొనడం పాపమైతే అమ్మడం పాపం కాదా?

మా నిజాంసాగర్ 1931లో పూర్తయినప్పుడు 29.7 టీఎంసీల నీళ్లు పట్టేది. మంజీర తెచ్చిన ఒండ్రు చేరి చేరి ఇప్పుడు దాని సామర్థ్యం 17.8 టీఎంసీలే. పూడిక ఒక్క రాత్రిలో రాదు. ఏటా వరదతో పాటు వచ్చి, పైకి కనబడకుండా అడుగున పేరుకుంటుంది. పైనుంచి చూస్తే జలాశయం నిండుగానే ఉంటుంది. మన సంఘాల పరిస్థితీ ఇదే. కూడికలు నిండుగా ఉన్నాయి, అడుగున భయం పేరుకుపోయింది. క్రీస్తు పేరు పైన, బాణామతి భయం కింద. ఆ భయాన్ని పూడిక తీసినట్టు తీయాల్సింది పాస్టర్లం. తీయకపోగా తట్టలు తట్టలుగా మనమే ఇంకా పోస్తున్నామేమో చూసుకోవాలి.

ఈ నేలమీదే వేరే రకం అధికారాన్ని చూపినవారున్నారు. కుష్ఠు సోకినవారిని శాపగ్రస్తులని ఊళ్ల నుంచి తరిమేస్తున్న కాలంలో, వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆశ్రమం స్థాపించారు. దానికి ఉదారంగా సాయం చేసిన రాజా నర్సాగౌడ్ హిందువు. ఎవరూ ముట్టనివారిని ఆ తల్లి ముట్టింది. శాపం అన్నదానికి సూది, మందు, శుభ్రమైన పడక, ప్రార్థన కలిపి జవాబు చెప్పింది. దుష్టత్వం ఎదుట క్రైస్తవ అధికారం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను డిచ్‌పల్లి వైపే చూపిస్తాను.

మరో సంగతి ఒప్పుకోవాలి. 1980వ దశకంలో మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి భయం ప్రబలినప్పుడు, విజయవాడ నాస్తిక కేంద్రం వారు ఆ పల్లెలకు వచ్చి ప్రజలకు ధైర్యం చెప్పారు. దేవుడు లేడనేవారు భయపడవద్దని చెబుతుంటే, దేవుడున్నాడనే మనం భయాన్ని పెంచడం ఎంత సిగ్గుచేటు!

మంజీర నది మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటకలోని బీదర్ మీదుగా మా దగ్గరికి వస్తుంది. పైనున్న ఆ రెండు రాష్ట్రాలూ ఈ దురాచారాలపై ప్రత్యేక చట్టాలు చేశాయి. నరేంద్ర దభోల్కర్ 2013 ఆగస్టులో పుణెలో హత్యకు గురయ్యాక మహారాష్ట్ర అదే ఏడాది చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. దయ్యం వదిలిస్తానని మనిషిని హింసించడం, పాము కాటుకు వైద్యం చేయించకుండా ఆపి మంత్రాలు వేయడం మహారాష్ట్ర చట్టం ప్రకారం నేరాలు. మన దగ్గరా అలాంటి చట్టం కావాలని అడిగేవారితో సంఘాలు గొంతు కలపాలి. ‘మా ప్రార్థనలకు అడ్డొస్తుందేమో’ అని జంకనక్కరలేదు. ఎవరినీ కొట్టని, ఎవరి మీదా నింద వేయని, ఆస్పత్రికి వెళ్లవద్దనని ప్రార్థనకు అలాంటి చట్టంతో భయమేమిటి?

పాప సంగతి చెప్పనేలేదు కదూ. చివరికి పట్నంలో డాక్టరుకు చూపిస్తే మూర్ఛ వ్యాధి అన్నారు. రోజూ మాత్రలు వేసుకున్నాక క్రమంగా తగ్గింది. సరైన మందులు వాడితే ఈ వ్యాధి ఉన్నవారిలో నూటికి 70 మంది వరకు మూర్ఛ రాకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పాప ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. నేను ఇప్పటికీ రోగుల కోసం ప్రార్థిస్తాను. ప్రార్థన ముగిశాక రెండు మాటలు తప్పకుండా చెబుతాను. ‘రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇది ఏ మనిషీ చేసింది కాదు.’ రెండో మాట గట్టిగా, పక్కింటికి కూడా వినబడేలా చెబుతాను.

రెండేళ్ల తరువాత ఆ ముసలమ్మను వెతుక్కుంటూ ఆమె కూతురి ఊరికి వెళ్లాను. నులకమంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది. క్షమించమని అడిగాను. చాలాసేపు నేల చూస్తూ కూర్చుంది. ‘నీ మాట ఇంటరు అనుకున్న. ఒక్క మాట అనకపోతివి గదయ్యా’ అంది. అంతకు మించి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండునని ఆ రోజు అనిపించింది.

పాస్టర్లారా, సంఘ పెద్దలారా! ప్రభువు మనకు అధికారం ఇచ్చాడు. గుంపు రాళ్లు ఎత్తినప్పుడు నిందపడిన మనిషి పక్కన నిలబడి, ‘ఈమె కాదు’ అని ఆయన నామంలో ధైర్యంగా చెప్పడానికి ఇచ్చాడు. ఆ ఒక్క మాట అనవలసిన రోజున నోరు మూసుకోకుండా దేవుడు మనందరికీ సహాయం చేయుగాక.